ఆపరేషన్ తర్వాత మొదటి చెకప్ వీడియో కాల్‌లోనే అంటున్నారు, సరిపోతుందా?

చిన్నోడి అమ్మ:

మా బాబుకి రెండున్నరేళ్లు. కుడివైపు వృషణం పుట్టినప్పటి నుంచి కిందికి దిగలేదు, దాంతోపాటు హెర్నియా కూడా ఉందన్నారు. ఈ మధ్యే రెండూ కలిపి ఆపరేషన్ చేశారు. గజ్జ దగ్గర ఒక కోత, కింద సంచి మీద ఇంకో చిన్న కోత. పైకి కుట్లేమీ కనపడవు, గమ్ లాంటిది పూశారు. లోపలి కుట్లు వాటంతట అవే కరిగిపోతాయట. పొద్దున చేర్చుకుని సాయంత్రానికి పంపించేశారు. అంతవరకూ ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

ఇప్పుడు వచ్చిన చిక్కేంటంటే, మొదటి చెకప్ వీడియో కాల్‌లో చూస్తామంటున్నారు. "దూరం నుంచి రావాలి కదా, అవసరమనిపిస్తే పిలుస్తాం. కొన్ని నెలల తర్వాత చెకప్‌కి మాత్రం తప్పకుండా రండి" అన్నారు. మా ఆయనకి ఇది బాగా నచ్చింది. ప్రయాణం తప్పుతుంది, సెలవు పెట్టక్కర్లేదు. మా అత్తగారేమో "ముట్టుకోకుండా డాక్టరుకి ఏం తెలుస్తుంది" అంటారు. నేను లోలోపల అత్తగారి వైపే. ఈ సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు.

గజ్జ కోత కింద వేలితో తడిమితే గట్టిగా తాడులా తగులుతోంది. మొదట్లో ఇది లేదు. సంచి ఇంకా వాచే ఉంది, కమిలిన చోట ఊదా రంగు పోయి పసుపుపచ్చగా మారుతోంది. వీటిని ఫోన్‌లో ఎలా చూపించను? పైగా మావాడు కెమెరా పైకెత్తితే చాలు, ప్యాంటు రెండు చేతులతో బిగబట్టుకుంటున్నాడు. ఆసుపత్రిలో వచ్చిన ప్రతివాళ్లూ విప్పి చూశారు మరి, వాడికి విసుగొచ్చేసింది.

ఇంకోటి, ఫోటోలు ముందే పంపమన్నారు. ఆ చోటి ఫోటోలు! అవి ఎక్కడికి పోతాయి, ఎవరెవరు చూస్తారు? అడిగితే నన్నే వింతగా చూస్తారేమోనని అడగలేదు.

పిల్లల ఆపరేషన్ తర్వాత వీడియోలో చూపించినవాళ్లు ఉంటే చెప్పండి. "డాక్టర్ని అడగండి" అని మాత్రం అనకండి. అడుగుతాను. ఏం అడగాలో తెలియకే ఇక్కడ రాస్తున్నాను.

నిద్రలేని నాన్న:

మా పాపకి టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ తీయించాం. తర్వాతి చెకప్ అంతా వీడియోలోనే అయిపోయింది, మాకైతే హాయిగానే ఉంది. టార్చి వేసి నోరు తెరిపించడం నా వంతు, చూడటం డాక్టరుగారి వంతు. గొంతులో తెల్లగా పొర కట్టింది, మేం చీము అనుకుని హడలిపోయాం. పుండు మానేటప్పుడు అలాగే ఉంటుంది, గీకకండి అన్నారు. నోటి వాసన కూడా మామూలేనట. పాప చెవి నొప్పి అంటోందంటే, గొంతుకీ చెవికీ వెళ్లే నరం ఒకటే కాబట్టి నొప్పి అక్కడ తెలుస్తుందని చెప్పారు.

ఆ పొర ఊడే రోజుల్లో, అంటే సుమారు అయిదో రోజు నుంచి పదో రోజు దాకా, నెత్తురు పడే ప్రమాదం ఉంటుందట. ఎర్రటి నెత్తురు కనిపిస్తే వీడియో కాల్ కోసం చూస్తూ కూర్చోవద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వచ్చేయండి అన్నారు. మాకు పడలేదు. కానీ ఆ హద్దు ముందే తెలియడం వల్ల రాత్రిళ్లు కనీసం దేనికి భయపడాలో తెలిసి భయపడ్డాం. మీరు మొదట అడగాల్సింది అదేనండి: ఏం కనిపిస్తే ఫోన్ కూడా చేయకుండా బయల్దేరాలి?

ఇంట్లో ఉన్న మందులన్నీ కాల్‌కి ముందే దగ్గర పెట్టుకోండి. మా ఆవిడ ఊరికే అడిగింది, పెద్దవాళ్లకి రాసిన కోడీన్ దగ్గు మందు మిగిలి ఉంది, నొప్పికి కొంచెం వేయొచ్చా అని. డాక్టరుగారు కుర్చీలోంచి లేచినంత పని చేశారు. కొందరు పిల్లల ఒంట్లో కోడీన్ చాలా వేగంగా మార్ఫిన్‌గా మారిపోతుందట, ఊపిరి మందగిస్తుందట. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2017లోనే పన్నెండేళ్ల లోపు పిల్లలకి నొప్పికి గానీ దగ్గుకి గానీ ఇవ్వకూడదని చెప్పేసింది. ఆ సీసా చూపించకపోయి ఉంటే ఆ మాట వచ్చేదే కాదు.

వార్డు అక్క:

పిల్లల సర్జరీ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. మీ బాబుని నేను చూడలేదు కాబట్టి బాగుందనో లేదనో చెప్పను, మామూలుగా ఎలా ఉంటుందో మాత్రం చెప్తాను.

కోత కింద తాడులా గట్టిగా తగలడం మేం రోజూ వినే ప్రశ్న. చర్మం కింద కొత్త కణజాలం పేరుకుంటూ గాయం అతుక్కునేటప్పుడు అలా గట్టిపడుతుంది. ఆపరేషన్ అయిన వెంటనే ఉండదు, వారం తిరిగే వేళకి తెలుస్తుంది, మెత్తబడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కమిలిన రంగు ఊదా నుంచి పసుపుకి మారుతోందంటే లోపల పేరుకున్న నెత్తురు కరుగుతోందని. సంచి వాపు తీయడానికి కొన్ని వారాలు పడుతుంది. అది రోజురోజుకీ కొంచెమైనా తగ్గుతోందా అన్నదే చూడాలి.

గమ్ మీద ఏ ఆయింట్‌మెంటూ, నూనే రాయకండి, జిడ్డు తగిలితే అది ముందే వదిలేస్తుంది. పెచ్చులుగా దానంతట అది ఊడిపోతుంది, పీకకండి.

కాల్ వరకూ ఆగకూడనివి: జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటడం. కోత నుంచి చీము, లేదా వాసన ఉన్న రసి. కోత విచ్చుకోవడం. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం. సంచి ఉన్నట్టుండి బిగుసుకుని పెద్దదవడం. వాంతులు ఆగకపోవడం. చాలాసేపు మూత్రం పోయకపోవడం. వీటిలో ఏది వచ్చినా మీ అపాయింట్‌మెంట్ ఎప్పుడన్నది పక్కన పెట్టేయండి.

కోత చుట్టూ ఎర్రబడితే చెప్పండి అని డిశ్చార్జి కాగితం మీద రాస్తారు. మన పిల్లల చామనఛాయ మీద ఆ ఎరుపు ఎరుపుగా కనిపించదు. కొంచెం ఊదాగా, గోధుమ రంగు ముదిరినట్టు ఉంటుంది, ఫోన్‌లో అదీ సరిగ్గా తెలియదు. అందుకే చేతి వెనక భాగం ఆనించి చూడండి. కోత చుట్టూ పక్క చర్మం కన్నా వేడిగా ఉందా, గట్టిపడుతోందా, ముట్టుకుంటే బాబు ఉలిక్కిపడుతున్నాడా? ఈ మూడూ డాక్టరుకి మీరు నోటితో చెప్పాలి.

చిన్నోడి అమ్మ:

అక్కా, చాలా థాంక్స్. తాడు సంగతి చదివి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. వేడి లేదు, ముట్టుకుంటే ఏడవడం లేదు, ప్యాంటు విప్పితేనే ఏడుస్తున్నాడు. ఫోటోల విషయం ఎవరైనా చెప్తారా? నాకు అసలు టెన్షన్ అదే.

రెండు ఫోన్ల అమ్మ:

అది నేను చెప్తాను, ఈ విషయంలో నాకు ఓపిక ఎక్కువ.

మా బాబుకి హైపోస్పాడియాస్ ఆపరేషన్ అయింది. మూత్రం వచ్చే రంధ్రం కొసన కాకుండా కిందివైపు ఉంటే సరిచేస్తారు, అది. ట్యూబ్ తీశాక డాక్టరు ఫోటోలతో ఆగలేదు, వాడు మూత్రం పోస్తుండగా వీడియో తీసి పంపమన్నారు. నాకు మొదట తల తిరిగింది. తర్వాత అర్థమైంది, ఆ ఆపరేషన్‌లో తెలుసుకోవాల్సింది చాలావరకు ఆ ధారలోనే ఉంటుంది. నేరుగా వస్తోందా పక్కకి పోతోందా, సన్నగా వస్తోందా, ముక్కుతున్నాడా, కొత్త దారి పక్కన ఇంకో చిన్న రంధ్రంలోంచి చుక్కలు కారుతున్నాయా. ఆసుపత్రికి తీసుకెళ్తే మావాడు ఒక్క చుక్క పోయడు, కొత్త మనుషుల ముందు బిగబట్టేస్తాడు. ఇంట్లో తీసిన వీడియోలో ఆయనకి అన్నీ కనిపించాయి. ఆ ఒక్క విషయంలో వీడియో నేరుగా వెళ్లడం కన్నా నయం అంటాను. ముట్టుకోకుండా ఏం తెలుస్తుంది అనే మీ అత్తగారికి ఈ కథ చెప్పండి, అయినా ఒప్పుకోకపోవచ్చు.

ఇక ఫోటోలు ఎక్కడికి పోతాయంటారా? మీరు పంపినది ఒక దారిన పోతుంది, మీ ఫోన్ తనంతట తాను పంపేది ఇంకో దారిన పోతుంది. మొదటి దారి గురించి ఆసుపత్రిని అడగండి, మొహమాటం వద్దు. వాళ్ల యాప్‌లోనో పోర్టల్‌లోనో పెట్టమంటే అది పిల్లాడి కేస్ ఫైల్లో చేరుతుంది. రిసెప్షన్ వాళ్ల నంబరుకి వాట్సాప్ చేయమంటే మాత్రం, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది, ఫోటో తర్వాత తీసేస్తారా అని అడిగే హక్కు మీకుంది. నేను అడిగాను. అటువైపు అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత యాప్ లింక్ పంపింది. అంటే లింక్ ముందునుంచే ఉందన్నమాట!

రెండో దారి అసలు సంగతి. బ్యాకప్ ఆన్‌లో ఉంటే మన ఫోన్లలో తీసిన ప్రతి ఫోటో క్లౌడ్‌లోకి దానంతట అదే ఎక్కుతుంది. మా ఇంట్లో అందరికీ కలిపి ఒక ఫ్యామిలీ ఆల్బమ్ ఉంది, పిల్లాడి మొహం గుర్తుపట్టి ఫోటోల్ని అందులో చేర్చేస్తుంది. అది మా మామగారి గదిలో టీవీ మీద రోజంతా తిరుగుతుంటుంది. నాకు అది సమయానికి గుర్తొచ్చింది కాబట్టి సరిపోయింది. బీరువాలో పడున్న పాత ఫోన్ తీసి, బ్యాకప్ ఆపేసి, సిమ్ లేకుండా వైఫై మీదే దాన్ని ఈ పనికి వాడాను. పంపాక డిలీట్ చేసి, డిలీట్ చేసినవి దాచుకునే ఫోల్డర్ కూడా ఖాళీ చేశాను. పాత ఫోన్ లేకపోతే ఫోటో తీసే ముందు బ్యాకప్ ఆపండి. ఆసుపత్రి యాప్‌లోపలే కెమెరా ఉంటే ఇంకా మంచిది, చాలా యాప్‌లలో అలా తీసింది గ్యాలరీలోకి రాదు, ఒకసారి చూసుకోండి.

ఇది అతి జాగ్రత్త అనుకునేవాళ్లకి ఒక సంగతి. 2021లో అమెరికాలో ఒకాయన చిన్న కొడుకు మర్మాంగం దగ్గర వాచిందని, నర్సు అడిగితే డాక్టరుకి చూపించడానికి ఫోటోలు తీశాడు. ఫోన్ వాటిని క్లౌడ్‌లోకి ఎక్కించింది. పిల్లల అశ్లీల చిత్రాలను పట్టుకునే గూగుల్ వ్యవస్థ వాటిని తప్పుగా పట్టుకుని ఆయన ఖాతా మూసేసింది. పోలీసులు విచారించి నేరమేమీ లేదని తేల్చినా ఖాతా తిరిగి ఇవ్వలేదు. న్యూయార్క్ టైమ్స్ 2022లో దీని గురించి రాసింది. ఏళ్లనాటి మెయిళ్లూ ఫోటోలూ అన్నీ పోయాయి పాపం. ఆ తండ్రి చేసిందల్లా డాక్టరు కోసం ఫోటో తీయడమే.

ఫోటో తీసేటప్పుడు పగటి వెలుతురులో, కిటికీ పక్కన పడుకోబెట్టి తీయండి. పసుపు లైటు కింద తీస్తే ఒళ్లంతా ఒకే రంగులో ఉంటుంది. ఫ్లాష్ వద్దు, గమ్ మీద పడి మెరుస్తుంది. బ్యూటీ మోడ్ ఉంటే తప్పకుండా తీసేయండి. మా ఆయన ఫోన్ అయితే చర్మం నునుపు చేసి, ఉన్న ఎరుపు కాస్తా చెరిపేసి, కోతని నవ్వుముఖంలా అందంగా చూపించింది. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, పక్కన స్కేల్ పెట్టి ఒకటి. మొహం పడనక్కర్లేదు. లైవ్‌లో బొమ్మ మసకబారుతుంది కాబట్టి రంగు సంగతి ముందు పంపిన ఫోటోల్లోనే చూసుకుంటారు.

ప్యాంటు పట్టుకునే విషయానికి: కాల్ మొదలవగానే విప్పకండి. నిద్రపోతున్నప్పుడు ఫోటో తీస్తే వాడికి తెలియను కూడా తెలియదు.

కట్టు విప్పిన నాన్న:

అందరూ పొగుడుతున్నారు, నేను కొంచెం తిడతాను.

మా అమ్మాయి మోచేతి దగ్గర ఎముక విరిగితే పిన్నులు వేశారు. వారం తర్వాత వీడియో చెకప్. చెప్పిన టైము దాటి చాలాసేపు "మీ డాక్టరు త్వరలో చేరతారు" అనే బొమ్మ చూస్తూ కూర్చున్నాం. చివరికి వచ్చింది ఆపరేషన్ చేసినాయన కాదు. వచ్చినాయన కేస్ ఫైల్ మా ముందే తెరిచి, ఏ చెయ్యి అని అడిగాడు. కట్టు ఉన్న చెయ్యి కెమెరా ముందే ఉంది! నేను కాల్ పెట్టేద్దామనుకున్నాను.

కానీ ఒక పని బాగా చేశాడు, అది ఒప్పుకోవాలి. పాపని బొటనవేలు పైకెత్తమన్నాడు, తర్వాత చూపుడు వేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టమన్నాడు, తర్వాత వేళ్లన్నీ విడదీసి చాపమన్నాడు. అదేదో ఆట అనుకుని ఇది గబగబా చేసేసింది. మోచేతి దగ్గర నుంచి పోయే మూడు నరాలు పనిచేస్తున్నాయో లేదో అలా తెలిసిపోతుందట. గోరు నొక్కి వదిలితే మళ్లీ గులాబీ రంగు ఎంత త్వరగా వస్తోందో నాతో చూపించమన్నాడు, అది నెత్తురు పారుతోందా అని. చేత్తో పట్టుకోకుండా ఇంత తెలుస్తుందని నాకు తెలియదు. అయినా పిన్నులు తీయడానికీ, ఎక్స్‌రేకీ వెళ్లక తప్పలేదనుకోండి.

మీరు బుక్ చేసేటప్పుడే అడగండి, ఆపరేషన్ చేసిన డాక్టరే మాట్లాడతారా అని. కాకపోతే ఆయన రాసిన నోట్స్ చదివి రమ్మని చెప్పండి. డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టుకోండి, కాల్ మధ్యలో తెగిపోతే ఏ నంబరుకి చేయాలో ముందే రాసుకోండి. మాకు తెగింది, మళ్లీ అదే బొమ్మ.

చిన్నోడి అమ్మ:

కాల్ అయింది, ఏం జరిగిందో రాస్తున్నాను. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మే వచ్చారు.

ఆవిడ ప్యాంటు ఊసే ఎత్తలేదు మొదట. "బాబుని అలా వదిలేయండి, ఆడుకోనివ్వండి" అని ఊరికే చూశారు. వాడు సోఫా ఎక్కి దూకాడు, నేను అరవబోయేలోపు "చాలు, నొప్పి లేదు" అని నవ్వారు. ఫోటోలు నిద్రలో, కిటికీ వెలుతురులో తీసినవి, యాప్‌లోంచే పంపాను. అవి స్క్రీన్ మీద పెట్టి కోత అంచులు బాగా కలిశాయి అన్నారు. తాడు సంగతి వార్డు అక్క చెప్పినట్టే చెప్పారు. అప్పుడు నా చేతితో పని చేయించారు. గజ్జ మీద రెండు వేళ్లు ఆనించి ఉంచండి, వాడిని నవ్వించండి, వేళ్ల కిందికి ఏదైనా పొంగి వస్తోందా అని. మా ఆయన కితకితలు పెట్టారు, ఏమీ పొంగలేదు. హెర్నియా మళ్లీ రాలేదని ఇప్పటికి అనుకోవచ్చు, నెలల తర్వాత నేను స్వయంగా చూస్తాను అన్నారు.

వృషణం కిందే ఉందా అని అడిగాను. అక్కడ మాత్రం చాలా సూటిగా చెప్పారు. అది వీడియోలో చెప్పను, చెప్తే మీరు నమ్మకండి కూడా అన్నారు. వాపులో పైకి ఏమీ తెలియదట. సరైన చోట నిలబడిందా, దాని సైజు ఎలా ఉంది అన్నది వాపు తీశాక చేతితో చూడాల్సిందేనట. నాకు ఆ మాటతోనే ఆవిడ మీద నమ్మకం కలిగింది. పక్క గదిలోంచి వింటున్న మా అత్తగారు "నేను చెప్పలా" అన్నారు, గట్టిగానే. కాల్‌లో వినపడే ఉంటుంది.

ఇంకో మాట, మూడు చక్రాల సైకిల్, గుర్రం బొమ్మ లాంటి కాళ్లు చెరోపక్క వేసి కూర్చునేవి ఇంకో రెండు వారాలు వద్దన్నారు. సైకిల్ దాచాం, వాడు దాని కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. వార్డు అక్కా, నేరుగా వెళ్లే చెకప్‌కి వాడిని ఎలా సిద్ధం చేయాలి? అక్కడ మళ్లీ ప్యాంటు పట్టుకుంటే?

వార్డు అక్క:

పట్టుకుంటాడు, పట్టుకోనివ్వండి. చలికీ భయానికీ వృషణం తాత్కాలికంగా పైకి లాక్కుంటుంది, అందుకని ఏడుస్తున్న పిల్లాడిని చూస్తే సరిగ్గా తెలియదు. వెచ్చగా ఉన్న గదిలో, మీ ఒళ్లో కూర్చోబెట్టుకుని చూడమని అడగండి, చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. చేతులు రుద్దుకుని వేడి చేసుకుని మరీ చూస్తారు. నిద్ర వేళ తప్పించి టైము తీసుకోండి. ఈలోగా స్నానం చేయించేటప్పుడు, గోరువెచ్చని నీళ్లలో వాడు ఆడుకుంటున్నప్పుడు, సంచి రెండు వైపులా ఎలా కనిపిస్తోందో అప్పుడప్పుడు గమనించి ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పండి. ఫోటో అక్కర్లేదు.